ల్యాబ్ పిల్ల కొంటున్నాం, అమ్మేవాడు సరైన బ్రీడరేనా కాదా ఎలా తెలుస్తుంది?

బెజవాడ కొత్తోడు:
అందరికీ నమస్తే. ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకుందామని ఇంట్లో పిల్లలు ఎప్పట్నుంచో గోల, ఈసారి మా ఆవిడ కూడా సరే అనేసింది. ఆన్‌లైన్‌లో హైదరాబాద్ ఆయన ఒకరు దొరికారు, ఫొటోలు సూపర్‌గా ఉన్నాయి, హెవీ బోన్, ఛాంపియన్ లైన్ అంటున్నాడు. పిల్లకి 35 రోజులట, డబుల్ వ్యాక్సిన్ అయిపోయిందట, 12 వేలు, కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) వంశం పేపర్ కావాలంటే ఇంకో 6 వేలు. 3 వేలు అడ్వాన్స్ కొడితే రాత్రి ట్రావెల్స్ బస్సులో వేసేస్తా, పొద్దున్నే బెంజ్ సర్కిల్ దగ్గర దింపించుకోండి అన్నాడు. రేపటిలోగా చెప్పకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తాడట. పప్పీ మిల్లుల (డబ్బు కోసం ఆడకుక్కలతో ఆపకుండా పిల్లల్ని కనిపించే చోట్లు) గురించి ఇవాళే ఎక్కడో చదివా, అప్పట్నుంచి ఒకటే డౌటు. కొట్టమంటారా వద్దంటారా?

నల్గొండ అన్న:
జర ఆగు తమ్మీ, పైసలు పంపకు. ఫోన్ చేసి ల్యాబ్ సంగతి మాట్లాడకుండా "హస్కీ ఉందా, పగ్ ఉందా, షిట్జు ఉందా" అని అడుగు, అన్నీ ఉన్నయి అన్నడంటే ఆడు బ్రీడర్ కాదు, బ్రోకర్. నాలుగు తావులకెళ్ళి పిల్లల్ని తెచ్చి ఒక్క రూంల పెట్టి అమ్ముతడు. మంచిగ పెంచెటోళ్ళ దగ్గర ఒకటి, మహా అంటే రెండు బ్రీడ్లే ఉంటయి, అది గూడ ఏడాది పొడుగునా పిల్లలుండయి, మూడు నెల్లు ఆగుమంటరు. నీకు రేపటిదాంక టైమిచ్చినోడు పిల్ల ఎట్ల బతుకుతదని ఆలోచించెటోడు కాదు.
ఇంకోటి, కేసీఐ పేపర్‌కి అలగ్ పైసలు ఏంది? లిట్టర్ (ఒక్క కాన్పుల పుట్టిన పిల్లలన్నీ) రిజిస్ట్రేషన్ కావాల్నంటే తల్లి, తండ్రి రెండూ రిజిస్టర్ అయ్యుండాలె, పెంచినోడే లిట్టర్ మొత్తాన్ని తన పేరు మీద ఎక్కిస్తడు. పిల్లతోని కలిపి రావాల్సిన కాగితాన్ని ఇడిగా అమ్ముతున్నడంటే అది ఏ కుక్క కాగితమో దేవునికే ఎరుక.

డాక్టరమ్మ (వెటర్నరీ):
పై ఆయన చెప్పింది కరెక్టే, నేను ఆరోగ్యం వైపు చెప్తాను. 35 రోజుల పిల్లకి డబుల్ వ్యాక్సిన్ అనేది జరగని పని అండి. మొదటి డోసు ఆరు వారాల వయసు చుట్టుపక్కల వేస్తాం, కొందరు పప్పీ డీపీ అనే పసిపిల్లల టీకా ఇంకాస్త ముందే వేస్తారు, కానీ రెండో డోసుకి మూడు నాలుగు వారాల గ్యాప్ ఉండాలి, అలా 16 వారాల దాకా వెళ్తుంది. రేబిస్ మూడు నెలలు నిండాకే. వ్యాక్సిన్ పుస్తకం ఫొటో అడగండి, అందులో సీసా మీంచి ఊడదీసి అంటించిన స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెన్నుతో తారీకు మాత్రమే రాసుంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.
అసలు భయం పార్వో, కుక్కపిల్లల ప్రాణం తీసే పేగుల వైరస్ జబ్బు. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక సాధారణంగా మూడు నుంచి ఏడు రోజుల్లో బయటపడుతుంది. అంటే బ్రోకర్ గదిలో అంటుకున్నది మీ ఇంటికొచ్చిన నాలుగో రోజున వాంతులు, రక్త విరేచనాలుగా కనిపిస్తుంది, అప్పుడు ఫోన్ చేస్తే "నా దగ్గరున్నప్పుడు బాగానే ఉందండీ, మీరేం పెట్టారో" అంటాడు. ఇలాంటి పిల్లల్ని మా టేబుల్ మీద చాలానే చూశాం. తల్లికి టీకాలు వేయించి ఉంటే మొదటి వారాల్లో పిల్లలకి తల్లి పాల నుంచి కొంత రక్షణ ఉంటుంది, మిల్లుల్లో తల్లికి ఎవరు వేయిస్తారు చెప్పండి. దానికి తోడు ఐదు వారాలకే తల్లినీ తోడపుట్టినవాటినీ వదిలేసిన పిల్లకి ఎంత గట్టిగా కరిస్తే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో తెలియదు, అది వాటితో ఆడుకుంటూ నేర్చుకోవాల్సిన విషయం. మీ ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఇది మర్చిపోకండి.

రాజమండ్రి పంతులు:
చట్టం సంగతి ఎవరూ రాయలేదని రాస్తున్నా. 2017లో కేంద్రం కుక్కల బ్రీడింగ్, అమ్మకాల రూల్స్ తెచ్చింది. బ్రీడర్ అనేవాడు స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డులో రిజిస్టర్ అవ్వాలి. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, కాబట్టి మీ 35 రోజుల బేరం అక్కడే తేలిపోయింది. ఆడకుక్కకి 18 నెలలు నిండకుండా క్రాసింగ్ చేయించకూడదు, ఏడాదిలో ఒక్క కాన్పే, మొత్తం జీవితంలో ఐదు కాన్పులు మించకూడదు, 8 ఏళ్ళు దాటాక అసలు కూడదు. పిల్ల చర్మం కింద మైక్రోచిప్ కూడా ఉండాలి. బియ్యపు గింజంత ఉంటుంది, రీడర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది, కాగితం మీద నంబరుతో కలిసిందో లేదో మీరే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి అని ఒక్క మెసేజ్ పెట్టండి, సగం మంది అక్కడే బ్లాక్ చేస్తారు 😀

గాజువాక కుర్రోడు:
ఇంత రాద్ధాంతం ఎందుకు బ్రో, కేసీఐ పేపర్ ఒరిజినల్ అయితే చాలు కదా, క్వాలిటీ గ్యారంటీ.

డాక్టరమ్మ (వెటర్నరీ):
కాదండి. కేసీఐ కాగితం వంశం చెప్తుంది, ఆరోగ్యం చెప్పదు. ల్యాబ్‌లకీ జర్మన్ షెపర్డ్‌లకీ తుంటి కీలు సరిగ్గా కుదరని జబ్బు వంశంలో వస్తుంది, హిప్ డిస్ప్లేసియా అంటాం. తల్లిదండ్రులకి ఎదుగుదల పూర్తయ్యాక హిప్ ఎక్స్‌రే తీయించారా అని అడగండి. మన దగ్గర తీయించేవాళ్ళు తక్కువే, అది ఒప్పుకుంటా, కానీ ఆ ప్రశ్న వినగానే వాళ్ళు ఏం మాట్లాడతారో చూడండి. తీయించలేదండీ, కానీ తల్లి ఇదిగో, తండ్రికి ఆరేళ్ళు, మెట్లు బానే ఎక్కుతోంది వచ్చి చూడండి అన్నవాడు వేరు, అవన్నీ ఫారిన్‌లోనండీ అని నవ్వేసేవాడు వేరు.

బెజవాడ కొత్తోడు:
థాంక్స్ అందరికీ. నల్గొండ అన్న చెప్పినట్టే ఫోన్ చేసి అడిగా, పొమరేనియన్ నుంచి సెయింట్ బెర్నార్డ్ దాకా అన్నీ ఉన్నాయట, టీకప్ (మరీ బుల్లి సైజు కుక్క) కూడా తెప్పిస్తాడట. అడ్వాన్స్ పంపలేదు. తల్లిని వీడియో కాల్లో చూపించమంటే "అది ఫామ్‌లో ఉంది, సిగ్నల్ ఉండదు" అన్నాడు.
ఇప్పుడు కొత్త డౌటు. గుంటూరులో ఒకాయన ఉన్నాడని ఫ్రెండు చెప్పాడు, ఫోన్ చేస్తే ఆయనే నన్ను ఇంటర్వ్యూ చేశాడు, సొంతిల్లా అద్దెదా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే ఎక్కడ పెడతారు అని. చూడ్డానికి రండి కానీ పిల్లల్ని ముట్టుకోనివ్వను, చెప్పులు గేటు బయటే వదలాలి అన్నాడు. రేటు 25 వేలు, పైగా పెంచలేకపోతే ఎవరికీ ఇవ్వొద్దు నాకే తిరిగి ఇవ్వాలి అని కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. ఈయనేదో దాస్తున్నాడా?

నల్గొండ అన్న:
గాయనే కావాల్సింది నీకు 😂 అమ్మెటోడు గన్ని ప్రశ్నలు అడిగిండంటే పిల్ల మీద పానం ఉన్నట్టు. చెప్పుల సంగతి గూడ పార్వో భయమే, నువ్వు ఏ వీధిల తిరిగొచ్చినవో ఆయనకేం ఎరుక. ముట్టనియ్యకున్నా కండ్లతోని చూడనిస్తడు, గదే ఫరక్.
పోయినంక తల్లిని చూడు. పాలిచ్చే తల్లి బక్కగుంటది, బొచ్చు ఊడుతది, గది మామూలే, దానికి భయపడకు. మోచేతుల కాడ సిమెంటు మీద పండి పండి పుండ్లు, గోర్లు వంకర తిరిగినయి, మనిషిని చూసి మూలకు నక్కుడు, పంజరం కడ్డీలు కొరికి పండ్లు అరిగినయి, ఇవి కనవడితే వాపస్ వచ్చెయ్. కొందరు వేరే ఆడకుక్కను తెచ్చి గిదే తల్లి అంటరు, చన్నులు చూస్తె తెలిసిపోతది, పిల్లలు రెండు నెల్లవైనా ఇంకా సాగే ఉంటయి.

తెనాలి అక్క:
తమ్ముడూ ఒక్కమాట, నువ్వు ఎక్కడికైనా చూడ్డానికి వెళ్ళినప్పుడు అక్కడ పరిస్థితి ఘోరంగా ఉంటే పాపం అనిపించి ఒక పిల్లని కాపాడదామని డబ్బిచ్చి తెచ్చుకుంటావేమో, అది మాత్రం చెయ్యకు, మనం ఇచ్చిన ఆ డబ్బుతోనే ఆ తల్లికి మళ్ళీ క్రాసింగ్ చేయిస్తాడు. ఫొటోలు తీసి జిల్లా ఎస్పీసీఏకి (జంతు హింస నివారణ సంఘం) గానీ పోలీసులకి గానీ ఫిర్యాదు ఇవ్వు, 1960 జంతు హింస నివారణ చట్టం ఉంది కదా. ఇంకా, ల్యాబే కావాలని పట్టు లేకపోతే వీధి కుక్కపిల్లని తెచ్చుకోమని నేనైతే చెప్తా, మా ఇంట్లో రెండున్నాయి. తిట్టుకోకండి ల్యాబ్ ఫ్యాన్స్.

బెజవాడ కొత్తోడు:
పిల్లలు ల్యాబ్ అని ఫిక్సయిపోయారక్కా 🙏 ఆదివారం గుంటూరు వెళ్తున్నాం. డబ్బులిచ్చేముందు ఏం రాయించుకోవాలి?

డాక్టరమ్మ (వెటర్నరీ):
పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు, చిప్ నంబరు, ఇప్పటిదాకా వేసిన టీకాలు, నులిపురుగుల మందు తేదీలు, ఆయన సంతకం. వారంలోపు పెద్ద జబ్బు బయటపడితే డబ్బు వాపసా, వైద్యం ఖర్చా అనేది కూడా రాయించండి, మంచి బ్రీడరైతే తనే రాసిస్తాడు. తెచ్చిన మర్నాడే ఎవరో ఒక వెట్‌కి చూపించండి, మీకు గన్నవరం వెటర్నరీ కాలేజీ హాస్పిటల్ దగ్గరే కదా. అక్కడ మాత్రం పిల్లని నేల మీద వదలకండి, ఒళ్ళోనో బుట్టలోనో పెట్టుకోండి, జబ్బు కుక్కలు వచ్చే చోటు. మొదటి వారం తిండి మార్చొద్దు, ఆయన ఏం పెడుతున్నాడో అదే ఒక కేజీ అడిగి తెచ్చుకోండి.