అప్‌డేట్: ముఖచిత్రంలో చామనచాయ బూడిద రంగుగా మారడానికి కారణం దొరికింది

మా అమ్మమ్మ ముఖచిత్రంలో చర్మమంతా బూడిద పూసినట్టు పాలిపోతోందని, ఏ ఆయిల్ రంగులు కొనాలో చెప్పమని రెండు నెలల క్రితం అడిగాను. ఓపికగా సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అసలు లోపాన్ని నాకు పాఠం చెప్పే చిత్రకారులు కనిపెట్టారు. నేను ప్రతి మిశ్రమానికీ ఆధారంగా వాడుతున్న ‘ఫ్లెష్ టింట్’ (చర్మం రంగులో ముందే కలిపి అమ్మే రంగు) ట్యూబు వెనుక సన్నని అక్షరాల్లో మూడు వర్ణకాల (రంగునిచ్చే పొడుల) సంకేతాలున్నాయి. వాటిలో పీడబ్ల్యూ 6, అంటే టైటానియం తెలుపు, ఒకటి. తెలుపు కలపడం లేదని నేను అనుకుంటున్న నీడల్లోకి కూడా అది చేరి, వాటిని పాలిపోయేలా చేస్తోందన్నమాట.

ఆ ట్యూబును, నలుపును పక్కన పెట్టి, నీడలను బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు), అల్ట్రామెరీన్ బ్లూ (ముదురు నీలం)లతోనే కలుపుకోమన్న సలహా పనిచేసింది. ముక్కు పక్కన ముడతలో సియెన్నా భాగం ఎక్కువగా ఉంచి, రంగులు కలిపే నైఫ్ కొసకు అంటినంత నీలం మాత్రమే చేర్చినప్పుడు, ఆ నీడలో మొదటిసారి రక్తమాంసాల వెచ్చదనం కనిపించింది. ఆ క్షణంలో నాకు కళ్లు చెమర్చాయి. వెలుగు పడే చెంపకు ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), కొద్దిగా కాడ్మియం ఎరుపు వేసి, తెలుపును చివర్లో మాత్రమే కలిపాను.

స్వీడిష్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరిట ప్రసిద్ధమైన నాలుగు రంగుల (ఎల్లో ఆకర్, ఎరుపు, నలుపు, తెలుపు) పద్ధతినీ ప్రయత్నించాను. సాధనకు అది మంచిదే, కానీ ఈ చిత్రంలోని ముదురు నీడలకు నా చేతిలో సియెన్నాయే నప్పింది.

లిన్‌సీడ్ నూనె, కాన్వాసు, గదిలోని బల్బు మార్చినందువల్ల ఏ తేడా రాలేదు.