పాసడీనాలో తెగిపడ్డ 710 ముక్క: పూడ్చాలా, కలపాలా?

రఘు_అల్హాంబ్రా:
ఇక్కడ లాస్ ఏంజిల్స్ ప్రాంతంలో, లాంగ్ బీచ్ నుంచి వచ్చే 710 ఫ్రీవే మా అల్హాంబ్రాలో వ్యాలీ బౌలెవార్డ్ దగ్గర ఆగిపోతుంది. దాని అవతలి ముక్క పాసడీనాలో 210, 134 ఫ్రీవేలు కలిసే చోట మొదలై కాలిఫోర్నియా బౌలెవార్డ్‌కే ఆగిపోతుంది. మధ్యలో నాలుగున్నర మైళ్లు రోడ్డే లేదు. ఇప్పుడు పాసడీనా సిటీ ఆ ముక్క ఉన్న చోట ఇళ్లు, పార్కులు అంటోంది. నేను ఒప్పుకోను, కలపాల్సిందే. వ్యాలీలో దిగిన కార్లన్నీ ఫ్రీమాంట్ అవెన్యూ మీద పడుతున్నాయి. సాయంత్రం పాపను ట్యూషన్ నుంచి తేవాలంటే మా వాకిట్లోంచి కారు తీయడమే గగనం.

సుజాత_పి:
రఘు గారూ, అది ముగిసిన కథ. రెండు ముక్కల్నీ కలిపే సొరంగం తవ్వాలన్న ఆలోచనను 2017లో లాస్ ఏంజిల్స్ రవాణా సంస్థ మెట్రో బోర్డే వద్దనుకుంది. 2022లో ఆ ముక్క సిటీ చేతికొచ్చింది.

వెంకట్77:
అసలు అది ఫ్రీవేనా? పొడుగాటి ర్యాంపు.

రఘు_అల్హాంబ్రా:
ర్యాంపు కాదండీ. సిగ్నల్ లేదు, అడ్డరోడ్డు లేదు, నేలకంటే లోతుగా తవ్వి వేశారు. ఫ్రీవే అనక ఏమంటారు? మధ్యలో ఉన్న సౌత్ పాసడీనా ఊరివాళ్లు దశాబ్దాల పాటు కోర్టుల్లో అడ్డుపడకపోతే ఎప్పుడో పూర్తయ్యేది.

వెంకట్77:
రెండు వైపులా ఫ్రీవేకి తగలాలి కదా. నా దృష్టిలో ర్యాంపే.

సుజాత_పి:
పేరు ఏదైతేనేం? ఆ గుంత కోసం నల్లజాతి, జపనీస్ కుటుంబాలతో సహా వేలమందిని లేపేశారు. మిగతా దారి కోసం రాష్ట్రం కొన్న ఇళ్లలో ఎన్నో తలుపులకు చెక్కలు కొట్టి ఖాళీగా ఉంచారు. 2020 మార్చిలో లాస్ ఏంజిల్స్‌లోని ఎల్ సెరెనో పేటలో నిలువ నీడలేని కుటుంబాలు వాటిలోకి వెళ్లి కూర్చున్నాయి.

రఘు_అల్హాంబ్రా:
మీరు ఇంట్లో కూర్చుని పనిచేస్తారు, మా పొగ మీకేం తెలుస్తుంది?

సుజాత_పి:
పొగ తెలియకపోవచ్చు, భూమి పోవడం తెలుసు. మా ఊళ్లో బైపాస్ అని ఎకరంన్నర మాగాణి తీసుకున్నారు. తర్వాత దారి మార్చారు. రోడ్డు పడలేదు, పొలం తిరిగి రాలేదు. సర్వే రాయి ఇంకా గట్టు మీదే ఉంది, చుట్టూ సర్కారు తుమ్మ. నాన్న పోయేదాకా ఆ రాయి దగ్గరికి వెళ్లి నిలబడేవారు. రోడ్డు వేయనప్పుడు ఆ నేల ఎవరిదండీ? నేను అడిగేది అదొక్కటే.

లక్ష్మి_ఇర్వైన్:
మా పెద్దనాన్న గారిదీ ఇదే పరిస్థితి.

రఘు_అల్హాంబ్రా:
పొగ మాట తొందరపడి అన్నాను, క్షమించండి. లేపేసిన వాళ్లకు ఆ నేలలో వాటా ఇమ్మనండి, నేనూ సంతకం పెడతాను. కానీ ఫ్రీమాంట్ మీది కార్లకు దారి చూపకుండా పూడుస్తానంటే మాత్రం ఒప్పుకోను.

సుజాత_పి:
ముందు వాటా ఎవరికో తేలనివ్వండి. దారి సంగతి ఆ తర్వాతే.