టూల్ తెరిచే ఉంటుంది, వాడితే బిల్లు: ఇది న్యాయమేనా?

భీమవరం డీబీఏ:
మాది రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీ, నేను అక్కడ డేటాబేస్ చూసుకునే డీబీఏని. ఆ డేటాబేస్ ఒరాకిల్ వాళ్ళ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్. మొన్న పట్టుబడుల సీజన్‌లో ఓ రాత్రి పదకొండింటికి షెడ్డు ముందు ఐసు లారీలు బారులు తీరాయి. కాటా దగ్గర స్లిప్పు రావడానికి 40 సెకన్లు పడుతోంది. చెరువు, కౌంటు, లాట్ నంబరు ఎక్కితే తప్ప సరుకు లోపలికి పోదు. ఒక రైతు నా పక్కనే నిలబడి "ఐసు కరిగిపోతోందండీ" అంటున్నాడు. ఆ టెన్షన్‌లో మా కుర్రాడు ఏడబ్ల్యూఆర్ రిపోర్ట్ (డేటాబేస్ సమయం ఎక్కడ పోతోందో చూపేది) తీశాడు. పది నిమిషాల్లో తప్పు దొరికింది: లాట్ నంబరు మీద ఇండెక్స్ (వరుసని త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉంది గానీ, కోడ్‌లో ఆ కాలమ్‌కి అప్పర్ ఫంక్షన్ (ఇంగ్లిష్ అక్షరాల్ని క్యాపిటల్స్ చేసేది) తగిలించారు. దాంతో డేటాబేస్ ఇండెక్స్‌ని వదిలేసి మొత్తం టేబుల్ చదువుతోంది.

నెల తర్వాత నేనే ఫీచర్ యూసేజ్ వ్యూ (ఏ సదుపాయం ఎప్పుడు వాడామో డేటాబేసే రాసుకునే పట్టిక) తెరిచి చూస్తే, ఆ రిపోర్ట్ వాడినట్టు తేదీతో సహా నమోదై ఉంది. ఆ రిపోర్ట్ విడిగా అమ్మే డయాగ్నస్టిక్స్ ప్యాక్ కిందకి వస్తుంది. మేం ఆ ప్యాక్ కొనలేదు. మా సర్వర్‌లో 8 ఇంటెల్ కోర్లు, అంటే రెండు కోర్లకి ఒకటి చొప్పున 4 ప్రాసెసర్ లైసెన్సులు. ధరల పట్టిక ప్రకారం ఒక్కో లైసెన్సుకి డయాగ్నస్టిక్స్ 7,500 డాలర్లు. నాలుగింటికి 30,000 డాలర్లు, పైన ఏటా 22 శాతం సపోర్టు. సాఫ్ట్‌వేర్‌తో పాటే దిగి, తెరిచే ఉండే టూల్‌కి విడిగా ఇంత కట్టాలనడం న్యాయమేనా?

పాలకొల్లు లెక్కలు:
నేను అకౌంట్స్ మనిషినండి. కాలవ మన చేను పక్కనుంచే పారుతోందని తూము ఎత్తేసుకుంటామా? ఒప్పందంలో ఏ ప్యాక్ ఉందో, ఏది లేదో రాసే ఉంటుంది. చదవకపోవడం మీ వైపు తప్పు. తయారుచేసినవాడు తన పనికి ధర పెట్టుకుంటాడు, ఇష్టమైతే కొంటాం.

భీమవరం డీబీఏ:
ధర పెట్టుకోవడం మీద నాకు గొడవ లేదండి. తూముకి తలుపంటూ ఉంటుంది కదా, దించి ఇమ్మంటున్నాను. ప్యాకుల వాడకాన్ని నియంత్రించే పారామీటర్ (సెట్టింగు) ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో మొదటినుంచీ 'డయాగ్నస్టిక్ ప్లస్ ట్యూనింగ్' అనే, అంటే ఈ ప్యాకూ దీని జత ట్యూనింగ్ ప్యాకూ రెండూ తెరిచే ఉంటుంది. డేటాబేస్ గంటకోసారి తన పనితీరు స్నాప్‌షాట్ తీసి 8 రోజులు దాచిపెడుతుంది కూడా. కొత్తగా చేరిన కుర్రాడికి అది అమ్మకపు సరుకని ఎలా తెలుస్తుంది? మొదట 'నన్' (ఏదీ వద్దు) అని ఉంచి, కొన్నవాళ్ళు మార్చుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

కాకినాడ డెవలపర్:
ఈ బాధంతా ఎందుకండీ, లైసెన్సు ఖర్చు లేని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి వచ్చేయండి. ఏ క్వెరీ ఎంతసేపు తింటోందో దాని ఎక్స్‌టెన్షన్ పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్ చూపిస్తుంది. పార్టిషనింగ్ (పెద్ద టేబుల్‌ని ముక్కలుగా విడగొట్టడం) 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచీ సూటిగా రాసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ కూడా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 మొదటి సర్వీస్ ప్యాక్‌తో పార్టిషనింగ్, కంప్రెషన్ రెండూ చవకైన స్టాండర్డ్ ఎడిషన్‌కి దించేసింది. ఒరాకిల్ వాళ్ళే 2019 డిసెంబర్‌లో స్పేషియల్ (మ్యాపు డేటా), మెషిన్ లెర్నింగ్ ఆప్షన్లకి విడి ధర తీసేశారు. గాలి అటే వీస్తోంది.

రాజమండ్రి పాతకాపు:
ఆయ్, వచ్చేయమనడం తేలికే. పదిహేనేళ్ళుగా ఒరాకిల్ సొంత భాష పీఎల్ ఎస్‌క్యూఎల్ ప్యాకేజీల్లో రాసుకున్న లాజిక్‌ని ఎవరు తిరగరాస్తారు? పైగా డేటాబేస్‌లో నిన్న రాత్రి 11 గంటల 5 నిమిషాలకి ఎవరు దేనికోసం ఆగారో వెనక్కెళ్ళి చూసే చరిత్ర మీరు చెప్పిన ఎక్స్‌టెన్షన్ ఒక్కదానితో రాదు. అది మొత్తం లెక్కలు కూడబెడుతుంది, అంతే.

ఆప్షన్లన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను చూసిన ఒక రైస్ మిల్లుల గ్రూపులో కాటా టేబుల్‌లోంచి పాత ఏడాది ధాన్యం వివరాలు తీసేయడానికి డిలీట్ పెట్టేవాళ్ళు. శనివారం రాత్రి మొదలుపెడితే ఆదివారం మధ్యాహ్నానికీ తెమిలేది కాదు. మార్పుని వెనక్కి తిప్పడానికి దాచే అండూ నిండిపోయేది, మార్పులన్నీ రాసుకునే రీడో ఫైళ్ళు డిస్కుని మింగేసేవి. తర్వాత పార్టిషనింగ్ కొని టేబుల్‌ని నెలలవారీగా విడగొట్టారు. ఇప్పుడు పాత నెలని ఆర్కైవ్‌కి పంపి ఆ పార్టిషన్‌ని డ్రాప్ చేస్తే, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. ధర ఒక్కో లైసెన్సుకి 11,500 డాలర్లు కావచ్చు గానీ, ఆ ఆదివారాలు తిరిగొచ్చాయి. దాని డబ్బు అది సంపాదించుకుంది.

డయాగ్నస్టిక్స్ సంగతి వేరు. జబ్బు ఏంటో చెప్పడానికి డబ్బడగడం నాకూ నచ్చదు. ఏ అప్లికేషన్‌కైనా ఆ చూపు కావాలి, పెద్ద కంపెనీకే కాదు. అయినా దారి లేకపోలేదు. ఒరాకిల్ 8ఐ వెర్షన్ కాలం నుంచీ ఉన్న స్టాట్స్‌ప్యాక్ అనే పాత రిపోర్ట్ టూల్‌కి విడి లైసెన్సు అక్కర్లేదు. దాని వివరాల స్థాయి లెవెల్ 7కి పెడితే ఏ టేబుల్ మీద ఒత్తిడి ఉందో కూడా కనపడుతుంది. సెకను సెకను వివరం రాదు గానీ, మీ అప్పర్ ఫంక్షన్ దొంగ మాత్రం అందులో పట్టుబడేవాడే.

పాలకొల్లు లెక్కలు:
ఈ ఒక్క ముక్క ఒప్పుకుంటాను: తలుపు దించి ఇవ్వాల్సింది. కానీ మీవైపు కూడా ఆ వ్యూని నెలకోసారి చూసే అలవాటు ఉండి తీరాలి. మేం కరెంటు మీటరు అలాగే చూస్తాం.

భీమవరం డీబీఏ:
మంచిదండి. ఈ మధ్యాహ్నమే పారామీటర్‌ని నన్ చేశాను. స్టాట్స్‌ప్యాక్ అరగంటకోసారి పెట్టాను, కాటా స్క్రీన్‌లో ఆ ఫంక్షన్ ఎప్పుడో తీయించాను. పాతకాపు గారూ, ఆ మిల్లుల టేబుల్‌లో వరుసలు సుమారు ఎన్నుంటాయి? మా లాట్ టేబుల్‌కి పార్టిషనింగ్ అడగాలంటే యజమానికి చూపించే లెక్క కావాలి.