ఎక్స్(3872): చార్మోనియమా, రెండు మీసాన్ల అణువా?

తార్నాక మాస్టారు
ఎక్స్(3872) అనే కణం గురించి ఆదివారం పొద్దున మా మెట్ల మీద మొదలైన వాదన ఇది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న మా మేనల్లుడు "ఎక్స్(3872) సంగతి తేలిపోయింది మామయ్యా, అది అణువే" అన్నాడు. తేలలేదని నేను. తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తవారి కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1974 నవంబరులో బ్రూక్‌హేవెన్‌లో టింగ్ బృందం, స్టాన్‌ఫర్డ్‌లో రిక్టర్ బృందం విడివిడిగా జే/సై కణాన్ని పట్టుకున్నాయి. చార్మ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కు కలిసిన జంట అది, ఇలాంటి జంటలనే చార్మోనియం అంటారు. ద్రవ్యరాశి 3097 ఎంఈవీ (కణాల బరువును శక్తిలో చెప్పే కొలమానం). ఆ క్వార్కులు బరువైనవి, నెమ్మదిగా కదులుతాయి. అందుకే హైడ్రోజన్‌కు వేసినట్టే ష్రోడింగర్ సమీకరణం వేస్తే లెక్క చాలావరకు కుదురుతుంది. దగ్గరగా ఉన్నప్పుడు విద్యుదాకర్షణ లాంటి బలం, దూరం జరిగాక ఎంత లాగినా సడలని తాడు బిగువు. ఈ రెండిటితోనే 3686 దగ్గరి సై(2ఎస్), దాని కింది కై కణాలు ఎవరి శక్తి మెట్టు మీద వాళ్లు కూర్చున్నారు. నేను పాఠం చెప్పినన్నాళ్లూ ఇంత అందమైన మెట్ల వరస ఇంకోటి చూడలేదు.

2003లో జపాన్‌లోని బెల్ ప్రయోగంలో 3872 దగ్గర ఒక సన్నని శిఖరం కనబడింది. 2013లో ఎల్‌హెచ్‌సీబీ అనే సెర్న్ ప్రయోగం దాని క్వాంటం గుణాలు స్పిన్ 1, పారిటీ (అద్దంలో తిప్పి చూసే గుణం) ప్లస్, సీ (కణాన్ని ప్రతికణంగా మార్చి చూసే గుణం) ప్లస్ అని తేల్చింది. సరిగ్గా ఆ గుణాలతో ఒక మెట్టు ఖాళీగా ఉంది, కై-సీ1(2పీ). పాత లెక్కలు దాన్ని 3950 దగ్గర చూపేవి. అది కాస్త కిందికి జారిందని నా వాదం.

కంది విద్యార్థిని
నమస్తే మాస్టారూ. జారిందనే అనుకుందాం, జారి ఎక్కడ ఆగిందో చూడండి. తటస్థ డీ, డీస్టార్ మీసాన్ల (ఒక చార్మ్, ఒక తేలిక క్వార్కు కలిసిన కణాలు) ద్రవ్యరాశులు కలిపితే 3871.7. ఆ మొత్తాన్నే మేం గీత అంటాం. ఎక్స్ కూడా అక్కడే ఉంది. తేడా 0.1 ఎంఈవీ అయినా ఉందో లేదో, కొలతల పొరపాటు హద్దుల్లో అది సున్నా కూడా కావచ్చు. డ్యూటెరాన్‌ను (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ జంట) విడదీయడానికే 2.2 ఎంఈవీ కావాలి. బంధం ఇంత పలచనైతే ఆ రెండు మీసాన్ల మధ్య ఎడం పది ఫెర్మీల (కేంద్రకాల దూరాలు కొలిచే ప్రమాణం) పైమాటే. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెర్మీ మాత్రమే.

ఇంకో సంగతి. ఇది జే/సై, రెండు పయాన్లుగా (తేలికైన మీసాన్లు) విడిపోతుంది, ఆ పయాన్లు రో మీసాన్ నుంచి వస్తాయి. చార్మోనియానికి ఐసోస్పిన్ (అప్, డౌన్ క్వార్కుల తేడాను లెక్కపెట్టే సంఖ్య, బలమైన బలం దాన్ని దాదాపు మార్చదు) సున్నా, రోకు 1. కాబట్టి ఆ దారి దాదాపు మూసుకుపోయి ఉండాలి. అయినా ఐసోస్పిన్ సున్నా ఉన్న ఒమేగా మీసాన్ దారికి దీటుగా తెరుచుకుని ఉంది! అణువైతే కారణం కళ్లెదుటే ఉంది. విద్యుదావేశం ఉన్న డీల జంట 8 ఎంఈవీ పైన ఉంటుంది, అందుకని తటస్థ జంటదే పెత్తనం, ఆ ఒక్క జంటలో ఐసోస్పిన్ సున్నా, 1 రెండూ కలిసి ఉంటాయి.

ఉప్పల్ అన్న
చెల్లే, నేను బీటెక్ కాడనే ఆగిన, గని ఈ ముచ్చట మొదటి సంది చదువుతున్న. ముట్టుకుంటే ఊడిపోయే జంట ప్రోటాన్లు గుద్దుకునే కాడ ఎట్ల పుడ్తది? అమెరికాల ఉండే టెవట్రాన్ యంత్రంల గిది బాగనే కనవడ్డది. సెర్న్‌ల సీఎంఎస్ ప్రయోగం అయితే 10 నుంచి 50 జీఈవీ ట్రాన్స్‌వర్స్ మొమెంటమ్ (గుద్దుకునే దారికి అడ్డంగ పోయే జోరు) దాక కొలిచింది. రెండు డీలు ఒకే దిక్కు, ఒకే వేగంతోటి పక్కపక్కన పుట్టాలె గదా. గంత అదృష్టం అన్నిసార్లు ఎట్ల కలిసొస్తది?

కంది విద్యార్థిని
మంచి ప్రశ్న అన్నా, 2009 నుంచీ మావాళ్లను సతాయిస్తున్నది ఇదే. పుట్టాక ఆ రెండూ ఒకదాన్నొకటి తాకి దారి మార్చుకుంటాయి కాబట్టి ఆ అవకాశం పెరుగుతుందని ఒక జవాబుంది. ఎంత పెరుగుతుందన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. పుట్టుక జరిగేది చాలా చిన్న దూరంలో కాబట్టి అక్కడ చార్మోనియం పాలు (వాటా) కొద్దిగా ఉన్నా చాలు. ఇంతవరకు ఒప్పుకుంటాను.

తార్నాక మాస్టారు
ఆ పాలు కొద్దిగానే అని ఎట్లా అంటావమ్మా? ఫోటాన్ వదిలి సై(2ఎస్) గా మారడం, జే/సై గా మారడం, ఈ రెండిటి నిష్పత్తిని ఎల్‌హెచ్‌సీబీ 2024లో 1.67 చుట్టూ కొలిచింది. అచ్చమైన అణువుకు మామూలు లెక్కలో అది ఒకటి కన్నా చాలా తక్కువ రావాలి.

కంది విద్యార్థిని
ఆ కొలత నన్నూ ఇబ్బంది పెడుతోంది మాస్టారూ, దాచను. కానీ 2021లో ఎల్‌హెచ్‌సీబీకి టీసీసీ అనే కణం దొరికింది. 3875 దగ్గర, దాని డీ-డీస్టార్ గీతకు (ఈ జంటలో ఒకదానికి విద్యుదావేశం ఉంటుంది, అందుకే గీత కాస్త పైన) అర ఎంఈవీ కూడా కింద లేదు. అందులో ఉన్నవి రెండు చార్మ్ క్వార్కులు, ప్రతిచార్మ్ లేదు. దానికి చార్మోనియం గుండె ఉండే వీలే లేదు. అయినా గీతకు అంటుకునే ఉంది.

తార్నాక మాస్టారు
ఇది నా దగ్గర లేని బాణం. చార్మోనియం లేకుండానే డీలు పట్టుకోగలవని ఒప్పుకుంటున్నాను. "ఆ మెట్టే జారింది" అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పట్టుకోగలవు అన్నంత మాత్రాన ఎక్స్‌లో మెట్టు పాలు లేదని కాదు. ఒకే గుణాలున్న రెండు స్థితులు పక్కపక్కన ఉంటే క్వాంటం లెక్కలో కలవక తప్పదు. మేనల్లుడికి ఇదే రాశాను. నూటికి ఎంత పాలు అన్నదే ఇక నా ప్రశ్న. దానికి శిఖరం ఆకారం కావాలి.

కంది విద్యార్థిని
ఆకారమే కావాలి. ఎల్‌హెచ్‌సీబీ 2020లో మామూలు సూత్రం వేస్తే వెడల్పు 1.4 ఎంఈవీ దాకా వచ్చింది. గీత ప్రభావాన్ని కలిపిన సూత్రం వేస్తే అదే డేటాకు 0.2 చిల్లర. యంత్రం చూపు అంతకన్నా మొద్దు, అందుకే రెండూ సరిపోయాయి.