స్టేషన్ సీసీటీవీ ఫుటేజ్ చెరిగిపోకుండా ఆపేదెట్లా?

ఒక పోలీస్ స్టేషన్ రిసెప్షన్ కెమెరా ఫుటేజ్ కావాలి: సాయంత్రం 6:10 నుంచి 7:45 వరకు, ఫిర్యాదు తీసుకోకుండా మనిషిని బయటికి నెట్టేసిన సమయం. ఆర్టీఐ పెడితే 28వ రోజు సెక్షన్ 8(1)(హెచ్) (దర్యాప్తుకు అడ్డమయ్యే సమాచారం ఇవ్వక్కర్లేదనే మినహాయింపు) అని ఒక్క లైన్‌లో తిరస్కరించారు. దర్యాప్తుకు ఎట్లా అడ్డమో రాయలేదు, 19(5) ప్రకారం అది చూపాల్సింది వాళ్లే. సెక్షన్ 10 కింద మిగతావాళ్ల ముఖాలు మసక చేసి ఇవ్వమన్నం. మొదటి అప్పీల్ కూడా కొట్టేశారు.

రెండో అప్పీల్‌కు 90 రోజులుంది, వేస్తున్నం. అది తేలేలోపు రికార్డింగే మిగలదేమోనని భయం. 2020 డిసెంబర్ 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 18 నెలలు దాచాలంది, అంత నిల్వ ఉండే పరికరాలు దొరక్కపోతే కనీసం ఏడాది. ఘటన జరిగి ఇప్పటికే 9 నెలలు! ఆ తీర్పు చెప్పిన జిల్లా పర్యవేక్షణ కమిటీకి (కలెక్టర్‌తో పాటు మేయర్‌కూ అందులో చోటుంది) దరఖాస్తు ఇస్తే ఆరు వారాల్లో రసీదు తప్ప ఏమీ రాలేదు.

వరంగల్, కరీంనగర్ వైపు ఎవరైనా ఫుటేజ్ భద్రపరిచే ఆదేశం తెచ్చుకుని ఉంటే, దరఖాస్తు ఎవరి పేరున, ఏ అభ్యర్థనతో పెట్టారు?