విపత్తు చికిత్సను బొమ్మల మీద నేర్పితే చాలా?

మీర్‌పేట_తండ్రి: మా అబ్బాయి ఎంబీబీఎస్ కాలేజీలో విపత్తు చికిత్సకు సిమ్యులేషన్ శిక్షణ పెడుతున్నారు. బొమ్మలు, మాక్‌డ్రిల్. ఫీజు వేరట. అవసరమేనా?

పాతకాపు: డబ్బు దండగ. క్యాజువాలిటీలో నెల రోజులు నిలబెడితే అన్నీ వస్తాయి. బొమ్మ కేకలు వేయదు, దాని బంధువులు మన కాలరు పట్టుకోరు.

హౌస్‌సర్జన్_హైదరాబాద్: క్యాజువాలిటీకి ఒకరి తరువాత ఒకరు వస్తారు సార్. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి వందమందికి పైగా గాయపడ్డారు. అలాంటప్పుడు ముందు ఎవరిని చూడాలి? నడవగలిగినవారికి ఆకుపచ్చ పట్టీ, వారు కాసేపు ఆగగలరు. ఊపిరి నిమిషానికి 30 సార్లు మించితే ఎరుపు, ముందు వారినే చూడాలి. శ్వాసమార్గం తెరిచినా ఊపిరి ఆడకపోతే నలుపు, పక్కవారి దగ్గరకు వెళ్లిపోవాలి. మామూలు రోజున అదే మనిషికి ఛాతీ నొక్కుతాం. చేతిలో ఉన్న మనిషిని వదిలి కదలడం రోజువారీ డ్యూటీలో ఎవరు నేర్పుతారు?

పాతకాపు: ఛాతీ నొక్కడమా! మీ బొమ్మలో ఉండేది స్ప్రింగు. ముసలివారి పక్కటెముక విరిగితే చేతికి తెలుస్తుంది, అది స్ప్రింగుకు రాదు.

హౌస్‌సర్జన్_హైదరాబాద్: అయిదారు సెంటీమీటర్ల లోతు నొక్కుతున్నామో లేదో చూపే మీటరు బొమ్మలో ఉంటుంది. మీ చేతిని ఎవరు కొలిచారు?

సిస్టర్_నైట్‌డ్యూటీ: డ్రిల్ అంతా డాక్టర్లకే. స్ట్రెచర్ తోసేవారిని, మమ్మల్ని పిలవరు.

పాతకాపు: బొమ్మల మీద సాధన చేసే స్కిల్స్ ల్యాబ్ తప్పనిసరి అన్నారు కదా, నేను పాఠం చెప్పిన ఒక కాలేజీలో దాని తాళం తనిఖీ రోజునే తీసేవారు. రోగులు లేని లోటును బొమ్మలతో పూడ్చారు. నా మంట అది!

హౌస్‌సర్జన్_హైదరాబాద్: నా మంట వినండి. నా చేత తొలిసారి శ్వాసగొట్టం వేయించింది ఒక కూలీ మీద. పక్కన ఉండాల్సిన సీనియర్ ఫోను ఎత్తలేదు. క్యాజువాలిటీలో నేర్చుకున్నామని మీరు గర్వపడేది ఎవరి ఒంటి మీద సార్? కార్పొరేట్ ఆసుపత్రి రోగి మీద అయితే కాదు కదా.

పాతకాపు: ఆ సీనియర్ లేకపోతే బొమ్మ మాత్రం ఏం నేర్పుతుందమ్మా? ఆ డబ్బుతో రాత్రి డ్యూటీకి ప్రొఫెసర్‌ను రప్పించండి.

హౌస్‌సర్జన్_హైదరాబాద్: అంటే మీ గొడవ బొమ్మతో కాదన్నమాట. రావాలని నేనూ అంటాను. ఆయన వచ్చేదాకా నా చేతులు ఎవరి మీద సాధన చేయాలో చెప్పండి.

పాతకాపు: మా కాలంలో మేము వచ్చేవాళ్లం.

హౌస్‌సర్జన్_హైదరాబాద్: ఆ మాట రిటైరయినవారే చెబుతారు సార్. డ్యూటీలో ఉన్నవారి నోట ఇంతవరకు వినలేదు.