యూరప్‌లో చైనా ఎలక్ట్రిక్ కారు: వాడుతున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి

స్టట్‌గార్ట్_సీను:
పాత డీజిల్ బండి అమ్మేశాను. జర్మన్ ఎలక్ట్రిక్ కార్ల రేట్లు చూస్తే గుండె గుభేలుమంది. బీవైడీ, ఎంజీ షోరూములు తిరిగొచ్చా. ఈ ఊళ్లో చాలామందికి అన్నం పెట్టేది కార్ల కంపెనీలే, చైనా కారు మాటెత్తితే ఆఫీసులో ఎలా చూస్తారో తెలుసుగా! కొనొచ్చా?

కోవెంట్రీ_కోదాడ:
ఎంజీ4, రెండేళ్లు దాటింది. ఏడేళ్ల వారంటీ చూసే తీసుకున్నా. మా పక్కింటి పెద్దాయన "మన బ్రిటిష్ బండే కొన్నావు" అని భుజం తట్టాడు. ఆ కంపెనీ 2005లోనే చైనా చేతికి పోయిందని చెప్పి ఆయన సంతోషం పాడుచేయడం ఎందుకని ఊరుకున్నా.

లెక్కల_మాస్టారు:
సీనూ, రేట్ల వెనక కథ తెలుసుకో. చైనాలో తయారైన ఎలక్ట్రిక్ కార్లపై యూరోపియన్ యూనియన్ (ఈయూ) 2024 అక్టోబరు చివర్లో అదనపు సుంకం వేసింది. మామూలు 10 శాతానికి తోడు బీవైడీకి 17, గీలీకి 18.8, ఎంజీని నడిపే ఎస్‌ఏఐసీకి 35.3 శాతం. షాంఘై నుంచి వచ్చే టెస్లాకీ 7.8 తప్పలేదు. పెట్రోలు, కరెంటు రెండిటితో నడిచే హైబ్రిడ్లకి ఆ అదనపు బాదుడు లేదు. షోరూములో సేల్స్ వాళ్లు నీకు ప్లగిన్ హైబ్రిడ్ అంటగట్టబోయారా? కారణం అదే. బీవైడీ హంగరీలోని సెగెడ్‌లో ప్లాంట్ పెట్టడంలోనూ ఈ లెక్క ఉంది.

స్టట్‌గార్ట్_సీను:
అంటగట్టబోయారు మాస్టారూ! రెండు కాఫీలు కూడా ఇచ్చారు.

ఓస్లో_చలిమంట:
మా నార్వే ఈయూలో లేదు, ఆ సుంకం గొడవ మాకు లేదు. మా గొడవంతా చలితో. నాది ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీ, బ్రాండ్ పేరు వద్దులే. మొదటి చలికాలం, మైనస్ 12. ఫాస్ట్ ఛార్జర్‌కి పెడితే స్క్రీన్ మీద 31 కిలోవాట్లే. వెనక సీట్లో పిల్లలు, డబ్బాలో పులిహోర అయిపోయింది, ఇంకా 40 శాతం కూడా ఎక్కలేదు. బ్యాటరీ చల్లబడితే కరెంటు మెల్లగా తీసుకుంటుంది. బయల్దేరే ముందే దాన్ని వేడిచేసుకునే ఏర్పాటు ఉందో లేదో కనుక్కో. తక్కువ కరెంటుతో కారు లోపల వెచ్చగా ఉంచే హీట్ పంప్ ఉందో లేదో కూడా అడుగు.

ఐండ్‌హోవెన్_అమ్మాయి:
నా కారు బాగానే నడుస్తుంది, బాధంతా స్పేర్ పార్టులతోనే. పార్కింగ్‌లో ఎవరో గుద్ది హెడ్‌లైట్ పగలగొట్టారు. అది రావడానికి తొమ్మిది వారాలు! ఫోన్ చేసినప్పుడల్లా "షిప్‌లో ఉంది మేడమ్" అనేవాళ్లు. అన్నాళ్లూ నేను తిరిగింది పెట్రోలు బండిలో. ఇంకోటి, స్పీడ్ దాటితే కుయ్ కుయ్‌మని మోత. అది చైనా వాళ్ల తప్పు కాదు, 2024 జులై నుంచి ఈయూలో కొత్త కార్లన్నిటికీ ఆ హెచ్చరిక తప్పనిసరి. బండెక్కగానే సీటు బెల్టు కంటే ముందు దాన్నే ఆపేస్తా.

లెక్కల_మాస్టారు:
సొంతానికి కొనకు, లీజుకి తీసుకో. కొత్త కారు రేటు వాళ్లు తగ్గించిన ప్రతిసారీ నీ పాత కారు విలువ పడిపోతుంది. ఆ నష్టం లీజు కంపెనీ నెత్తినే ఉండనీ.

స్టట్‌గార్ట్_సీను:
సరే, లీజే. శనివారం షోరూముకెళ్లి ముందు హెడ్‌లైట్ స్టాకుందా అని అడుగుతా, తర్వాతే కారు సంగతి.